తువ్వాల కింద బొటనవేలు

వీరన్న తన ఎద్దు తెల్లోణ్ని తోలుకొని జహీరాబాదు పశువుల అంగడికి చేరేసరికి పొద్దు బారెడెక్కింది. న్యాల్‌కల్ దిక్కు నుంచి నడిచొచ్చిన దారి పొడుగునా తెల్లోడు బాటలో సగం వదిలేసి ఓ పక్కగానే నడిచాడు. పక్కన జోడు ఎద్దు మచ్చోడు ఉన్నట్టే. ఆ ఖాళీ చోట్లో బామ్మర్ది బస్వరాజ్ తలవంచుకొని నడిచాడు.

పోయిన అంగడికి మచ్చోడి కాళ్ళకు నాలలు కొట్టించుకు రమ్మని బస్వరాజ్‌నే పంపాడు వీరన్న. నాలలు పడ్డాయి. ఎద్దు రాలేదు.

"ఎద్దేదిరా?" అని అడిగాడు ఆ సాయంత్రం.

"పోయింది బావా."

"ఏడికి వోయింది?"

"మహాదేవప్ప పటేల్ దగ్గరికి."

"అమ్మినవా?"

బస్వరాజ్ కాలి బొటనవేలితో మట్టి గీకాడు. "పత్తాలాటల ఓడిన."

వీరన్న కొట్టలేదు. ఆ పని నారమ్మ చేసింది. సొంత తమ్ముడని చూడకుండా చొప్పకట్టె విరిగేదాకా కొట్టి, తర్వాత గుమ్మంలో కూర్చొని మొగుడితో ఒక్కటే మాట అన్నది: "మచ్చోడు రాకుంటె తెల్లోణ్ని గుడ అమ్ముకొని రా. ఒంటెద్దుకు కుడితి పెట్టుకుంట కూసుండుడు నాతోని కాదు."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నాలుగు రోజుల్లో మృగశిర. ఆరెకరాల నల్లరేగడి దున్ని పెట్టి ఉంది. ఒక్క ఎద్దుతో గొర్రు నడవదు. గొర్రు నడవకపోతే పెసలు పడవు, కందులు పడవు, ఆ ఏడు మొగుడూ పెళ్ళాం పరుల చేలల్లో వంగాలి. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు అది. ఎద్దుల ధర ఎట్లా పెరిగిందంటే, ఇంకొకదాన్ని కొనే మాట వీరన్న నోటి దాకా కూడా రాలేదు. విత్తనాలకని దాచిన రెండువందల నలభై రూపాయలు నడుముకు కట్టుకొని బయల్దేరాడు.

మహాదేవప్ప అంగడి వెనక పాత బెల్లం గోదాములో ఉన్నాడు. బీదర్ సరిహద్దుకు అటువైపు అరవై ఎకరాల ఆసామి. మనిషి భారీ, మాట భారీ. నవ్వితే గోదాము రేకులు మోగుతాయి. గోదాము తలుపు బయట ఆయన సవారీ బండి దింపి ఉంది. బండికి కట్టే జోడీ, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగిన తెల్లని దేవణి జాతి ఎద్దులు, వేపచెట్టు నీడలో నెమరేస్తున్నాయి. వాటికి నాలుగు బారల దూరంలో ఒంటిగా కట్టేసి ఉన్నాడు మచ్చోడు. తెల్లోణ్ని చూడగానే మెడ చాచి అరిచాడు. తెల్లోడు వీరన్న చేతిలోని పలుపు గుంజాడు.

"పటేలా, పైసలు తెచ్చిన. మిగిలినయ్ పంటకిస్త. నా ఎద్దు నాకియ్యుండ్రి," అన్నాడు వీరన్న.

"పైసలా?" మహాదేవప్ప నవ్వాడు. "నేనేమన్న దలాల్నా వీరన్నా? నీ బామ్మర్దిని నేను పిలువలే. ఆడే వచ్చిండు, ఆడే కూసున్నడు. ఆటల వచ్చింది ఆటలనే పోవాలె." అని తలుపు బయటికి చూసి, గొంతు కొంచెం తగ్గించాడు. "నిజం జెప్పాల్నంటె, దాని జోడు కోసమే ఎదురుచూస్తున్న. ఈడు, జోడు, నడక... ఒక తల్లికి పుట్టినట్టున్నయ్ రెండు. కూసో. నీది గుడ తెచ్చినవ్ గద."

జోడు పక్కపక్కన కనపడితే పటేల్ మనసు కరుగుతుందని తెల్లోణ్ని తోలుకొచ్చాడు వీరన్న. ఇప్పుడు అర్థమైంది, తాను ఏం తోలుకొచ్చాడో.

గోనెసంచుల మీద మూడో మనిషి కూర్చొని ఉన్నాడు, హఫీజుద్దీన్. అంగడిలో అందరికంటే పాత దలాల్. తెల్లగడ్డం, ఒక కంట్లో పొర. ఆయన మాటంటే అంగడిలో ఎదురు లేదు. "కూసో వీరన్నా," అన్నాడు. "లేకుంటె వాపస్ పో. నడుమ నిలబడకు."

వీరన్న తెల్లోడి పలుపు బస్వరాజ్ చేతికిచ్చాడు. తలపాగా తీసి మోకాలి కింద పెట్టుకొని కూర్చున్నాడు.

"జర జాగ్రత్త బావా," అన్నాడు బస్వరాజ్ గుమ్మంలోంచి. "పటేల్ నవ్వితె మంచి పత్తాలు లెవ్వనుకున్న నేను. నవ్వుకుంటనే ఎద్దును గుంజుకున్నడు."

"నువ్వు నోర్ముయ్," అన్నాడు వీరన్న. కానీ ఆ మాట మనసులో వేసుకున్నాడు.

హఫీజుద్దీన్ షరతు చెప్పాడు. "కండ్ల ముందరున్నదే పందెం. ఇంట్ల సందూకల ఉన్నది లెక్కకు రాదు. నడుమల మనిషిని పంపి తెప్పిచ్చుడు లేదు. ఎడ్లు కండ్ల ముందర ఉన్నయ్, గవి పందెమే. సరేనా?"

ఇద్దరూ సరే అన్నారు. ఆ పొద్దున కొత్త బండిచక్రాలు కొని మహాదేవప్ప జేబు ఖాళీ చేసుకున్నాడు. ఆయన ముందు రెండువందల లోపే ఉంది. ఉంటేనేం, అరవై ఎకరాల ధీమాతో కూర్చున్నాడు.

ఆట తీన్ పత్తా, మూడు ముక్కల పేకాట. హఫీజుద్దీన్‌తో కలిపి ముగ్గురు, మనిషికి మూడు పత్తాలు. చూసుకొని ఆడేవాడు, చూడకుండా ఆడేవాడికి రెండింతలు పెట్టాలి. గుడ్డిగా ఆడేవాడికి ఇంకో వసతి కూడా ఉంది. చివరికి ఇద్దరే మిగిలితే, "తెరువు, ఎవరివి పెద్దవో చూద్దాం" అని షో అడిగే హక్కు చూడనివాడిదే. చూసినవాడు చూడనివాణ్ని షో అడగలేడు. ఇంకా పెట్టాలి, లేదా పత్తాలు పడేసి లేవాలి.

వీరన్నకు ఆట కొత్త కాదు. వయసులో ఉన్నప్పుడు పండుగలకు ఆడాడు. మానేసి పదేళ్ళు. కానీ మనుషుల్ని చదవడం మానలేదు. అంగడి రోజుల్లో ఊరి రైతుల తరఫున బేరాలు కుదిర్చేది అతనే. ఆ పని మాటల్తో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి చెయ్యొకరు పట్టుకుంటారు, పైన తువ్వాల కప్పుతారు. ధర వేళ్ళతో నడుస్తుంది. ఒక వేలు పట్టుకుంటే వంద, రెండు పట్టుకుంటే రెండొందలు. అరచేతిలో గీకితే సగం. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగిస్తే బేరం వద్దని. చుట్టూ వందమంది ఉన్నా ఎంతకు పోతోందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. తువ్వాల కింద మాట దేవుడికి కూడా కనపడదంటారు.

దేవుడి సంగతేమో గానీ, వీరన్నకు కనపడేది.

అది అతను ఎవరికీ చెప్పలేదు. నారమ్మకు కూడా. ఇరవై ఏళ్ళు ఎండలో నిలబడి ఇతరుల తువ్వాలలు చూసీ చూసీ, గుడ్డ ఎక్కడ లేస్తే ఏ వేలో, ఎక్కడ కుంగితే ఏం వద్దన్నాడో అతనికి పట్టుబడింది. ధర పైకి చెప్పకముందే తెలిసిపోయేది. బయటపడితే ఆ అంగడిలో అతన్ని పది గజాల దగ్గరికి రానివ్వరు.

మొదటి మూడు ఆటలూ వీరన్న నేర్చుకోవడానికే ఆడాడు.

మొదటిదాంట్లో మహాదేవప్ప పత్తాలు చూసి పకపకా నవ్వి, "ఏమప్పా వీరన్నా, మీ మచ్చోనికి గుడాలు వెడుతున్నం. మీ ఇంట్ల గింత తిండి యాది లేకుండె వానికి," అని రెండింతలు పెట్టాడు. వీరన్న పద్దెనిమిది రూపాయలు పోసి షో అడిగాడు. పటేల్‌వి వరుసగా ఏడు, ఎనిమిది, తొమ్మిది. వీరన్న చేతిలో పనికొచ్చేది ఏమీ లేదు. రెండోదాంట్లో కూడా అదే నవ్వు, అదే వెక్కిరింత. హఫీజుద్దీన్ ఇంకో పది పెంచగానే పటేల్ పత్తాలు కింద కొట్టాడు. "ఛీ, వీటి మొకం పాడుగాను." మూడోదాంట్లో మళ్ళీ నవ్వు, మళ్ళీ గెలుపు.

మొహంలో ఏమీ లేదు. నోట్లో అంతకంటే లేదు. అన్నిటికీ ఒకే నవ్వు. బస్వరాజ్ ఆ మొహం చూసే మునిగిపోయాడు.

వీరన్న కళ్ళు దించాడు. అప్పుడు కనపడింది.

మహాదేవప్ప ఎడమ చేత్తో పత్తాల్ని రొమ్ముకు ఆనించుకుంటున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. భుజం మీది తువ్వాల ఒళ్ళోకి జారి, ఆ చేతిని కప్పేసింది. జారలేదు, ఆయనే లాక్కున్నాడు. ముప్పై ఏళ్ళుగా అంగళ్ళలో బేరాలాడిన చెయ్యి. ధర ఆలోచించాల్సి వస్తే దానంతట అదే గుడ్డ కిందికి దూరుతోంది. అక్కడ పట్టుకోవడానికి ఎవరి వేళ్ళూ లేకపోయినా.

కంటి కొసన పడ్డవన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయి. గెలిచిన రెండు ఆటల్లోనూ ఆ తువ్వాల కదల్లేదు. పడేసిన ఆటలో, పడేయక ముందే, గుడ్డ ఒక మూల చిన్నగా లేచి లోపలికి కుంగింది. బొటనవేలు మడతపడింది.

వీరన్న చూపు మళ్ళించాడు. ఏమీ చూడనట్టు బీడీ ముట్టించాడు. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది.

"చెయ్యి వణుకుతున్నది వీరన్నా," అన్నాడు మహాదేవప్ప.

"గాలి పటేలా."

"గోదాంల గాలేడిది?" అని హఫీజుద్దీన్ మెల్లగా అన్నాడు. పొరలేని కన్ను ఒకసారి వీరన్న మీద నిలిచి పోయింది.

తన మొహం కూడా చదివేవాళ్ళున్నారని వీరన్నకు అప్పుడు గుర్తొచ్చింది. మాట తక్కువ మనిషే గానీ, తప్పించుకొనే మొహం కాదు అతనిది. మంచి పత్తాలు వస్తే చెవులు ఎర్రబడతాయని చిన్నప్పుడు అన్న ఏడిపించేవాడు. దీనికొకటే దారి. తన పత్తాలు తనకే తెలియకపోతే మొహంలో ఏం కనపడుతుంది?

హఫీజుద్దీన్ పత్తాలు కలిపి పంచాడు. వీరన్న తన మూడింటినీ ముట్టుకోలేదు. పడ్డచోటే పడి ఉండనిచ్చి, వాటి పక్కన పది రూపాయలు పెట్టాడు. "సూడను."

"అబ్బో, గుడ్డి పందెం!" అన్నాడు మహాదేవప్ప. హఫీజుద్దీన్ తనవి చూసుకొని, మొహం చిట్లించి పడేశాడు. ఇక మిగిలింది ఇద్దరే.

మహాదేవప్ప పత్తాలు చూశాడు. నవ్వాడు. ఇరవై పెట్టాడు. తువ్వాల కదల్లేదు.

వీరన్న ఇరవై. పటేల్ నలభై. వీరన్న నలభై. పటేల్ ఎనభై. వీరన్న సగంతో ఊరుకోక ప్రతిసారీ పటేల్‌తో సమానంగా పెడుతున్నాడు, పటేల్ చూసినందుకు రెండింతలు పోస్తున్నాడు. నడిమధ్య నోట్ల కుప్ప పెరిగింది. వీరన్న ఎనభై పెట్టాడు. అతని దగ్గర ఇక నలభై చిల్లర మిగిలింది. మహాదేవప్ప నూట అరవై పెట్టాలి. ఆయన ముందు ముప్పై ఉంది.

గుమ్మంలో బస్వరాజ్ లేచి నిలబడ్డాడు.

వీరన్న కోరుకున్నది ఈ ఘడియే. డబ్బు అయిపోతే పటేల్ ముందు రెండే దారులు, పడేయడమో, మచ్చోణ్ని పెట్టడమో. కానీ దాంట్లో ఉన్న ముల్లు కూడా వీరన్నకు తెలుసు. చేతిలో మంచి పత్తాలుంటేనే పటేల్ మచ్చోణ్ని పెడతాడు. మంచి పత్తాలుంటే మచ్చోడు తిరిగి రాడు.

మహాదేవప్ప ఎక్కువ సేపు ఆలోచించలేదు. "ఎద్దు," అన్నాడు. "మచ్చోన్ని పెట్టిన."

తువ్వాల అట్లాగే ఉంది. నిలిచిన నీళ్ళలాగా.

అంటే పత్తాలు బాగున్నాయి. జోడీ కావచ్చు, పెద్ద జోడీ. చూడనివాడి మూడు పత్తాల మీద ఆ మాత్రం ఉంటే ఎవడికైనా ధైర్యమే.

బయట మచ్చోడు మళ్ళీ అరిచాడు. తెల్లోడు జవాబిచ్చాడు.

"ఇగ నీ వంతు వీరన్నా," అన్నాడు హఫీజుద్దీన్. "లెక్క ప్రకారం నువ్వు అర్ధ ఎద్దు పెట్టాలె. అర్ధ ఎద్దును కోసుకొని తేలేవు గద. పెడ్తె తెల్లోన్ని మొత్తం పెట్టు. లేదా పడెయ్."

"బావా, వద్దు," అన్నాడు బస్వరాజ్. "ఒక్కటన్న ఉండనీ. అక్క నన్ను సంపుతది."

"నిన్ను ఎట్లయిన సంపుతది," అన్నాడు మహాదేవప్ప. "నువ్వు ఫికర్ జెయ్యకు."

వీరన్న తన పత్తాల వైపు చూశాడు. మూడు నీలిరంగు వీపులు, ఒకదాని అంచు నలిగి ఉంది. చూస్తే? చూడగానే గుడ్డివాడి వసతి పోతుంది. పటేల్‌కు షో అడిగే హక్కు వస్తుంది. చెవులు అన్నీ చెప్పేస్తాయి.

చూడకుండా తెల్లోణ్ని పెట్టి షో అడిగితే? అప్పుడు ఒక్క ఎద్దుతో సరిపోతుంది, పత్తాలే తేలుస్తాయి. కానీ ఆ తువ్వాల అట్లా నిద్రపోతున్నప్పుడు షో అడగడమంటే, తెల్లోడి పలుపు తన చేత్తో పటేల్ బండికి కట్టడమే.

పడేస్తే? విత్తనాల డబ్బు పోయింది, మచ్చోడు పోయాడు. తెల్లోడు మిగులుతాడు. ఒంటెద్దు. నారమ్మ మాట చెవిలో మోగింది. మిగిలినా మిగలనట్టే.

ఇంకొక దారి ఉంది. అది ఎంత ఇరుకైనదో చూసుకోవాలనుకున్నాడు వీరన్న. బేరంలో వేలు పట్టుకొని మెల్లగా నొక్కి చూసినట్టు, ఒక మాటతో నొక్కాడు.

"చిచ్చా," అన్నాడు హఫీజుద్దీన్‌తో, "నేను తెల్లోన్ని పెట్టి, షో అడగననుకో. అప్పుడు పటేల్ ఏం పెట్టాలె?"

హఫీజుద్దీన్ గడ్డం దువ్వుకున్నాడు. "చూడనోడు ఒకటి పెడితె చూసినోడు రెండు పెట్టాలె. ఎద్దుకు రెండెడ్లు." చెయ్యెత్తి తలుపు బయటికి చూపించాడు. వేపచెట్టు కింద ఇత్తడి కుప్పెలు ఎండకు మెరిశాయి. "పటేల్ జోడీ కండ్ల ముందరే ఉన్నది."

మహాదేవప్ప నవ్వాడు. ఎప్పటి నవ్వే, రేకులు మోగాయి.

వీరన్న ఆ నవ్వు వైపు తలెత్తలేదు. ఒడి చూశాడు. తువ్వాల కింద నాలుగు వేళ్ళూ బిగదీసుకున్నాయి, గుడ్డ గుడారంలాగా లేచింది. ఒక క్షణం అట్లాగే నిలిచింది. తర్వాత ఒక మూల కుంగింది. మళ్ళీ లేచింది. బొటనవేలు మడవాలా వద్దా అని దానికే తేలలేదు.

పూర్తిగా కుంగి ఉంటే వీరన్నకు ఆలోచనే లేదు, పెట్టేసేవాడు. కదలకుండా ఉన్నా లేదు, పడేసి ఇంటికి పోయేవాడు. ఇది రెండూ కాదు. అంగడిలో ఇట్లాంటి చెయ్యి చాలాసార్లు చూశాడు. మనసులో వద్దనుకొని, చుట్టూ ఉన్నవాళ్ళ కోసం సరే అనేవాళ్ళ చెయ్యి. అట్లాంటివాణ్ని తొందరపెడితే పౌరుషానికి పోయి ధర పెంచుతాడు. ఊరికే వదిలేస్తే తనంతట తనే వెనక్కి తగ్గుతాడు. పటేల్ ఆ జోడీ పెట్టాడా, వీరన్న దగ్గర జవాబివ్వడానికి ఏమీ లేదు. షో అడగడానికి కూడా ఇంకో ఎద్దు కావాలి. పత్తాలు తెరవకుండానే రెండెడ్లూ పోతాయి.

బీడీ చివరిదాకా కాలి వేలు సురుక్కుమంది. పారేశాడు.

"తెల్లోడు," అన్నాడు. "షో అడుగుత లేను."

బస్వరాజ్ గుమ్మంలో కూలబడ్డాడు. పలుపు మాత్రం వదల్లేదు.

"షో అడగవా?" మహాదేవప్ప ముందుకు వంగాడు. "అడుగు. పత్తాలు మొకం మీదనే తెరుస్త."

వీరన్న వేళ్ళ మీది బీడీ బూడిద దులుపుకున్నాడు.

"సరే, నీ పత్తాలన్న చూసుకో. ఎద్దును పెట్టిన మనిషివి, దేని మీద పెట్టినవో చూసుకోవా? ఏం మనిషివయ్యా! రెండు, మూడు, అయిదు ఉన్నయనుకో, నీ పెండ్లానికి ఏం జెప్తవ్?"

వీరన్న రెండు చేతులూ మోకాళ్ళ కిందికి పెట్టుకున్నాడు. చెయ్యి దానంతట అదే పోతుందేమోనని. నలిగిన అంచు పత్తా కంటి కొసల్లో కనపడుతూనే ఉంది. ఒక్కసారి ఎత్తి చూస్తే చాలు, ఏదో ఒకటి తెలిసిపోతుంది. అంతకంటే పెద్ద ఆకలి అతనికి ఎన్నడూ కలగలేదు.

"చూసుకోరా! మగోనివైతె చూసుకో!"

"పటేల్," అన్నాడు హఫీజుద్దీన్, "చూసుడు చూడకపోవుడు ఆయన మర్జీ. మీరు పెడ్తరా, పడేస్తరా?"

బొంబాయి రోడ్డు మీద లారీ ఒకటి చిరాగ్‌పల్లి దిక్కు పోయింది. వీరన్న తల వంచుకొని తువ్వాల మీదే చూపు నిలిపాడు, నేల చూస్తున్నట్టు. రెప్ప వేస్తే ఏదో చెదిరిపోతుందన్నట్టు. గుడ్డ లేచింది. నిలిచింది. మహాదేవప్ప మొదటిసారి తలతిప్పి తన జోడీ వైపు చూశాడు. వాటిలో ఒకటి తోకతో ఈగల్ని తోలుకుంటోంది.

"మా అమ్మ సాదింది వాటిని," అన్నాడు. ఎవరితోనూ కాదు. "దూడలప్పటి సంది."

గుడ్డ మూల కుంగింది. ఈసారి లేవలేదు.

అయినా మహాదేవప్ప వెంటనే పడేయలేదు. చెయ్యి నిర్ణయించాక కూడా నోరు ఒప్పుకోవడానికి సమయం పడుతుంది. నవ్వబోయి, నవ్వు సగంలో ఆగిపోయి, గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు ఎవడైనా దగ్గినా, బస్వరాజ్ ఒక్క మాటన్నా, పౌరుషం మళ్ళీ లేస్తుంది. ఎవరూ దగ్గలేదు.

పత్తాలు వచ్చి నోట్ల కుప్ప మీద పడ్డాయి, మొహాలు పైకి. రెండు రాజులు, ఒక పది.

"తోలుకపో," అన్నాడు మహాదేవప్ప. "షో అడిగుంటె సస్తుంటివి కొడుకా."

"ఔ పటేలా," అన్నాడు వీరన్న. నిజంగానే అన్నాడు.

మహాదేవప్ప తువ్వాల దులిపి భుజాన వేసుకొని, ఇంకేమీ మాట్లాడకుండా బయటికి పోయి, తన ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

బస్వరాజ్ ఒక్క దూకులో లోపలికొచ్చాడు. "బావా, నీవేం ఉన్నయో చూస్త..."

వీరన్న చూసిన చూపుకు చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "పలుపు ఇడిసిపెట్టి వచ్చినవా?"

"లే, లే, కట్టేసిన." నాలుక కరుచుకొని వెనక్కి పరిగెత్తాడు.

హఫీజుద్దీన్ ఆ మూడు పత్తాల్ని ఎత్తి, పొరలేని కంటికి దగ్గరగా పెట్టుకొని చూసి, మిగతావాటిలో కలిపేశాడు. వీరన్న నోట్లు పోగేసుకొని తలపాగా చుట్టుకున్నాడు. తలపాగా మూడుసార్లు జారింది.

ఎడ్ల దాకా ముసలాయన కూడా వచ్చాడు. మచ్చోడు తెల్లోడి మెడ నాకుతున్నాడు. వీరన్న రెండు పలుపులూ ఒకే చేత్తో పట్టుకొన్నాడు.

"నీ పత్తాలేందో చెప్పన్నా?" అన్నాడు హఫీజుద్దీన్.

"వద్దు చిచ్చా."

"క్యోఁ? ఎందుకు?"

"తెలిస్తె మల్ల వచ్చి కూసుంట."

హఫీజుద్దీన్ తలాడించాడు. మచ్చోడి కొత్త నాలలు వంగి చూసి, లేచి, గొంతు బాగా తగ్గించాడు. "ఒక్కసారి గుడ పటేల్ మొకం సూడలే నువ్వు. ఒడి సూసినవ్."

వీరన్న పలుపు సరిచేసుకున్నాడు.

"ఎన్నేండ్ల సంది?"

వీరన్న తెల్లోడి మెడ మీది ఈగను తోలాడు.

"నా బేరాలు గుడనా, వీరన్నా?"

వీరన్న మచ్చోడి నుదుటి మీది నల్లమచ్చను అరచేత్తో రుద్దాడు. ముసలాయన భుజాలు కదిలాయి. అది నవ్వో దగ్గో వీరన్నకు తెలియలేదు. "యా అల్లా," అనుకుంటూ గోదాములోకి పోయాడు.

మృగశిరకు వాన రెండు రోజులు ఆలస్యంగా పడింది. గొర్రు నడిచింది. నారమ్మ గొర్రు వెనక విత్తనం జారవిడిచింది. బస్వరాజ్ చేత ఆ ఆరెకరాల గట్లూ చెక్కించింది, కూలి లేకుండా.

విత్తనం పడ్డాక వచ్చిన అంగడి రోజు వానలు ఆగి, ఎండ మాడ్చేస్తోంది. వీరన్న కోహీర్ రైతు ఎవరిదో ఆవు బేరానికి పోయేసరికి, హఫీజుద్దీన్ అప్పటికే ఒక జోడీ ముందు నిలబడి ఉన్నాడు. భుజాన నల్ల గొంగడి. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆటపట్టిస్తున్నారు. "ఏం చిచ్చా, చలి పెడుతున్నదా?" "సాబ్‌కు జరమొచ్చింది, దవాఖానకు తోలుకపోండ్రి."

ఆయన ఎవరికీ బదులివ్వలేదు. కొనేవాడి చెయ్యి పట్టుకొని, రెండు చేతుల మీదా ఆ దళసరి గొంగడిని రెండు మడతలు వేసి కప్పాడు. నుదుటి నుంచి చెమట గడ్డంలోకి కారుతోంది. అట్లా కప్పి, జనంలోంచి వీరన్న వైపు చూశాడు.

వీరన్న ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి, బొంబాయి రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. బేరం తెగి, ధర పైకి చెప్పేదాకా తిరగలేదు.